బయటికి రాని సీడీ

ఇందుకూరుపేట దగ్గర రొయ్యల రోగాలు పరీక్షించే ల్యాబులో మహాలక్ష్మి పనిచేస్తుంది. మైక్రోస్కోపులో తీసిన రొయ్యల ఫొటోలు సీడీల్లో వస్తాయి, అక్కడ సీడీ పట్టే కంప్యూటర్ ఒకటే. అందులో ఏ డిస్కు పెట్టినా మిగతా గదుల కంప్యూటర్లలోనూ కనిపిస్తుంది. ఎవరైనా తెరిచి ఉంచితే మాత్రం అది బయటికి రాదు. అందుకే తీసేముందు ఆమె వరండాలోకి వచ్చి, "మూసేయండయ్యా, తీస్తుండా" అని కేకేస్తుంది.

ఆ రోజు పెట్టింది సొంత సీడీ. మూడేళ్ల కొడుకు తల స్కానింగ్ అది. మధ్యాహ్నం నెల్లూరులో డాక్టరుకు ఇవ్వాలి. ఈలోగా ఒక కాపీ తన దగ్గర ఉంచుకుందామనుకుంది. కాపీ అయింది గానీ సీడీ రాలేదు. ఎవరో వాడుతున్నారని తెరమీద వచ్చింది.

ఈసారి కేక వేయలేదు. పక్క గదిలోకి వెళ్లింది. అక్కడ ఆమె కింద పనిచేసే పెంచల్ తెరకేసి వంగి చూస్తున్నాడు.

"ఏ చెరువు రొయ్యక్కా ఇది? తలకాయంతా తెల్లమచ్చలే. చెరువంతా చచ్చేలోగా పట్టుబడి చేసి అమ్ముకోమని చెప్పు ఆ రైతుకు."

"మావాడిది పెంచలా. స్కానింగు."

పెంచల్ మౌస్ పట్టుకుని మూసేయబోయాడు.

"ఉండు. ఎక్కడ కనిపించినాయి నీకు మచ్చలు? నేనింకా తెరిచి చూళ్ళేదు."

"నాకేం తెలుసక్కా. రొయ్యల్ని చూసేవాణ్ణి."

ఆమె అతని వెనక నిలబడి తెరవైపు చూసింది. బూడిదరంగు, తెలుపు. ఏది మామూలో ఏది కాదో ఆమెకూ తెలియలేదు.

"సరే, మూసేయ్," అంది. "బస్సుకు టైమయింది."