ఆంటీ నా కోసం చెప్పిన సాక్ష్యం

ఆంటీ ప్రభువునందు నిద్రించారని చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టారట. ఆ గ్రూపులో నేను లేను, ఉండకూడదు కూడా. మంగళవారం పొద్దున్న లాండ్రీ తలుపు తాళం తీస్తుంటే ఆవిడ కూతురు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇవాళ మెషీన్లు ఆన్ చెయ్యొద్దు. అమ్మ వెళ్ళిపోయింది," అంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగులో అంతవరకే చెప్పగలిగింది. నేను మళ్ళీ తాళం వేసి, మంచు పడుతున్న పార్కింగ్ లాట్‌లో కారెక్కి కూర్చున్నాను. ఏడుపు కన్నా ముందు నాకేం తోచిందో చెప్పమంటారా? 'అమ్మయ్య, ఇంక ఆవిడకి ఎప్పటికీ తెలియదు' అని. అలాంటి ఆలోచన వచ్చిన మనిషి రాస్తున్నాడని గుర్తుంచుకునే ఇది చదవండి.

ఆంటీని తలుచుకోవడానికి పెట్టిన ఆదరణ కూడికలో పంచే చిన్న పుస్తకం కోసం తెలిసినవాళ్ళందరినీ తలా ఒక పేజీ రాయమని ఆ కూతురు అడిగింది. నన్నూ అడిగింది. కూడికకి పిల్లలు వస్తారు కాబట్టి నేను రాకూడదు, కనీసం నా మాటైనా అందులో ఉండాలంది. ఆంటీ దగ్గర ఆరేళ్ళు పనిచేసినవాణ్ణి కదా.

ఆంటీ కృష్ణా జిల్లా నుంచి అంకుల్ ఉద్యోగం మీద అమెరికాలో ఈ నోవై ఊరు వచ్చారు. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆయన పోయాక ఇంట్లో ఊరికే కూర్చోలేక ఈ లాండ్రీ తీసుకున్నారు. ఇళ్ళ బట్టలు కాదు, పెళ్ళిళ్ళూ పార్టీలూ జరిగే హాళ్ళ నుంచి వచ్చే టేబుల్ క్లాత్‌లూ నాప్‌కిన్లూ. సాంబారు మరకకి ఒక మందు, పసుపుకి ఒకటి, వైన్‌కి ఇంకొకటి. వెనక గదిలో పెద్ద ఇస్త్రీ మెషీన్ పక్కన ఒక స్టూలు, స్టూలు మీద బైబిలు, బైబిలు మీద కళ్ళజోడు. పంజాబీ డ్రెస్ మీద అంకుల్ పాత కోటు వేసుకుని పనిచేసేవారు. దాని జేబుల్లో ఎప్పుడూ సేఫ్టీ పిన్నులూ అల్లం మురబ్బా ఉండేవి. దగ్గొచ్చినా, కోపమొచ్చినా, ఎవరైనా ఏడ్చినా అల్లం మురబ్బాయే.

ఇక నా సంగతి. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. ఆన్‌లైన్‌లో ఒక మైనర్ పిల్లకి రాయకూడని మెసేజ్‌లు రాశాను. జైలుకి వెళ్ళాను. అప్పటికే సిటిజన్‌షిప్ వచ్చేసింది కాబట్టి దేశం నుంచి పంపెయ్యలేదు. సెక్స్ అఫెండర్ రిజిస్ట్రీలో నా పేరూ ఫోటో ఇంటి అడ్రసూ ఉంటాయి, పనిచేసే చోటుతో సహా. ఇంటర్నెట్‌లో ఆ జాబితా ఎవరైనా చూడొచ్చు. భార్య వెళ్ళిపోయింది. ఆమె చేసిన దాంట్లో తప్పేం లేదు.

రెండేళ్ళు పని కోసం తిరిగాను. ఇంటర్వ్యూలు బాగానే జరిగేవి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ దగ్గరికొచ్చేసరికి ఫోన్లు ఆగిపోయేవి. గోడౌన్‌లో పార్సిళ్ళు ఎత్తే పనికీ అంతే. ఒక ఇండియన్ గ్రోసరీలో మూడు రోజులు బియ్యం బస్తాలు సర్దాను. నాలుగో రోజు ఓనర్ బయటికి పిలిచి, మా కస్టమర్లు పిల్లల్ని తీసుకొస్తారండీ, ఏమీ అనుకోకండి అన్నారు. ఏమనుకుంటాను? ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. పనిలో చేరితే మూడు రోజుల్లో, మానేసినా మూడు రోజుల్లో పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి రాయించాలి. ఆ మూడు రోజుల ఉద్యోగానికి రెండుసార్లు వెళ్ళొచ్చాను.

అప్పుడు చర్చి పాస్టరుగారు చెబితే ఆంటీ నన్ను పిలిపించారు. స్టూలు మీద కూర్చోమని, బైబిలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"నేను కంప్యూటర్లో చూడను, అబ్బాయ్. ఏం చేశావో నీ నోటితో నువ్వే చెప్పు. దాన్నిబట్టే పని ఇవ్వాలో వద్దో చెప్తాను," అన్నారు.

అన్నీ చెప్పాను. మెసేజ్‌లు, జైలు, నేను వెళ్ళకూడని చోట్లు, అన్నీ. ఒక్కటి మార్చాను. ఆ పిల్ల వయసు నాకు తెలియదన్నాను, పద్దెనిమిది దాటాయని చెప్పి నన్ను మోసం చేసిందన్నాను. అబద్ధం. ఆ పిల్ల మొదటి రోజే తన వయసు చెప్పింది. తెలిసే రాశాను. చేసిన పాపం చాలదన్నట్టు, ఒక లాండ్రీ ఉద్యోగం కోసం ఆ పిల్లనే అబద్ధాలకోరుని చేశాను.

ఆంటీ బైబిలు పక్కన పెట్టి, కోటు జేబులో వెతికారు. తర్వాత నా చేతిలో ఒక అల్లం మురబ్బా ముక్క పెట్టి, రేపు ఏడింటికి రమ్మన్నారు. పిల్లలు తిరిగే చోటికి నిన్ను పంపను, డెలివరీలన్నీ నావే అన్నారు. అన్నమాట ప్రకారం ఆరేళ్ళూ ఆవిడే వ్యాన్ నడిపారు. డెబ్బై ఏళ్ళ మనిషి మంచులో మూటలు దించుతుంటే, నేను లోపల వెచ్చగా నాప్‌కిన్లు లెక్కపెట్టుకునేవాణ్ణి. పిల్లల డే కేర్ వాళ్ళు దుప్పట్ల ఆర్డర్ ఇస్తామని వస్తే, మాకు కుదరదని పంపేశారు. ఎందుకని వాళ్ళకి చెప్పలేదు, నాకూ చెప్పలేదు.

పెద్ద టేబుల్ క్లాత్ మడవాలంటే ఇద్దరుండాలి. ఆ చివర ఆవిడ, ఈ చివర నేను. మూలకి మూల కలిపి, ఒకరికెదురుగా ఒకరం నడిచొచ్చి, నా చేతిలో మూలలు ఆవిడ చేతికివ్వాలి. మొదట్లో నాకు ఎప్పుడూ వంకరే వచ్చేది. "సాఫ్ట్‌వేర్ చేతులు! నీ మడత చూస్తే మంగలి భుజం మీద తువ్వాలు నయం," అని నవ్వేవారు. ఒకసారి పోని మరకని కనపడకుండా లోపలికి పెట్టి మడిచాను. విప్పించారు. "మరకని లోపలికి మడవకు, అబ్బాయ్. బల్లమీద పరిచినవాళ్ళు పట్టుకోరా ఏంటి," అన్నారు. ఆవిడ బట్ట గురించే అన్నారు.

మూడు నెలలకోసారి నేను స్టేషన్‌కి వెళ్ళి సంతకం పెట్టాలి. వెళ్ళేముందు ప్రతిసారీ, అన్నీ నిజమే రాయి సుమా అనేవారు. రాస్తానాంటీ అనేవాణ్ణి. పోలీసులకి నిజమే రాశాను. వాళ్ళ దగ్గర ముందే అన్ని కాగితాలూ ఉన్నాయి.

నాలుగేళ్ళ కిందట రిజిస్ట్రీలో లాండ్రీ అడ్రస్ ఎవరో చూశారు. చర్చిలో గుసగుసలు మొదలయ్యాయి. శనివారం ప్రార్థన ఆంటీ ఇంట్లో జరిగేది. దానికి పెద్దవాళ్ళే వస్తారు కాబట్టి పాస్టరుగారి అనుమతితో నేనూ వెనక వరసలో కూర్చునేవాణ్ణి. ఆ శనివారం సాక్ష్యాల వేళ ఆంటీ లేచారు. సాక్ష్యమంటే మావాళ్ళకి కబుర్లు కాదు. దేవుడు వింటున్నాడని తెలిసి నిలబడి చెప్పే మాట.

"ఈ అబ్బాయి వయసు తెలియక పడిపోయాడు. నా దగ్గర ఏదీ దాచలేదు. దేవుని ఎదుట చెప్తున్నాను, దీనికి నేను సాక్షిని," అన్నారు.

ఆంటీ పక్కనే ఆవిడ స్నేహితురాలు కూర్చుని ఉంది, వరంగల్ ఆవిడ. ఇరవై ఏళ్ళుగా ఇద్దరూ చర్చిలో ఒకే పాటల పుస్తకం పట్టుకుని పాడేవారు. ఆవిడ మెల్లగా అడిగింది. "అక్కా, వయసు తెల్వదని నీకెట్ల తెలుసు? కాగితాలు చూసినవా?"

"అతని మాట చాలు నాకు."

"నాకు సాలదక్కా. నాకు మనవరాళ్ళున్నరు."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆంటీ ఇంకా నిలబడే ఉన్నారు. నేను లేచి ఒక్క ముక్క చెబితే అయిపోయేది. లేవలేదు. ఆ తర్వాతి ఆదివారం నుంచి ఇద్దరూ చర్చిలో చెరోవైపు కూర్చుంటున్నారని ఆంటీ కూతురు చెప్పింది. నాలుగేళ్ళు మాటల్లేవు. ఆ వరంగల్ ఆవిడ అడిగింది సరైన ప్రశ్న. అమ్మా, మీరు ఇది చదువుతుంటే, మీదే రైటు. ఆంటీ మీతో పోట్లాడింది నా అబద్ధం పట్టుకుని.

చివరి వారం హాస్పిటల్‌కి వెళ్ళాను. ఆంటీ పక్షిపిల్లలా అయిపోయారు. సోమవారం ఆర్డర్ వెళ్ళిందా అని అడిగారు. తర్వాత కిటికీ వైపు చూస్తూ, "దానితో ఒక్కసారి పాడాలని ఉంది, అబ్బాయ్. కానీ నీ విషయంలో తప్పు దానిది. ముందు అదే రావాలి," అన్నారు.

అప్పుడు గదిలో ఎవరూ లేరు. నిజం చెప్పేసి, ఫోన్ చేసి పిలిస్తే ఆ వరంగల్ ఆవిడ అరగంటలో వచ్చేది. నేనేం చేశానో తెలుసా? దుప్పటి సరిచేశాను. అంచు సమంగా లేదని రెండోసారి కూడా సరిచేశాను. ఉద్యోగం పోతుందని భయం, ఇంకెవరూ ఇవ్వరని భయం. దానికి ఇంకో పేరు పెట్టను. ఆంటీ తన జీవితంలో దేవుని ఎదుట ఒక్క అబద్ధం చెప్పారు, అది నేను ఆవిడ నోట్లో పెట్టింది. దాన్ని వెనక్కి తీసుకునే అవకాశం కూడా ఆవిడకి ఇవ్వలేదు.

ఇక్కడిదాకా రాసి, శుక్రవారం ఆ కూతురి చేతికిచ్చాను. లాండ్రీ ఇప్పుడు తనది. తెలుగు చదవడం రాదు కాబట్టి నేనే చదివి వినిపించాల్సి వచ్చింది. ఇస్త్రీ మెషీన్ పక్కన నిలబడి వింది. అయిపోయాక, అమ్మకి తెలుసా అని అడిగింది. తెలియదన్నాను.

"ఇది ఇట్లాగే ప్రింట్ చేయిస్తాను. వరంగల్ ఆంటీకి నేను ముందే కాల్ చేస్తాను. మీ జాబ్... ఐ డోంట్ నో యెట్," అంది. అన్నయ్యా అనలేదు.

సరేనన్నాను. కూడిక జరిగే హాలుకి పంపాల్సిన తెల్ల టేబుల్ క్లాత్‌లు బల్లమీద ఉన్నాయి. ఆంటీ హాస్పిటల్లో చేరినప్పటి నుంచి నేను ఒక చివర బల్లకి క్లిప్పు పెట్టి ఒక్కణ్ణే మడుస్తున్నాను. క్లిప్పు కోసం చూస్తుంటే, ఆమె వచ్చి ఆ చివర పట్టుకుంది. మూలకి మూల కలిపి ఇద్దరం ఎదురెదురుగా నడిచాం. నా చేతిలో మూలలు తీసుకుంది, తల ఎత్తలేదు. ఇంకా పదకొండు మిగిలాయి. పదకొండూ అలాగే మడిచాం.