క్యాలెండరు కాగితం వెనక పక్క

పొద్దున కాఫీలు అయినాక, అన్నం పొయ్యి మీదికి ఎక్కేలోపల ఇంట్లో ఆడవాళ్లకు ఒక రవ్వంత తీరిక దొరుకుతుంది. నేను రాసేది ఆ తీరికలోనే. పెండ్లయి తిరుపతికి వచ్చిన కొత్తలో పట్టుకున్న అలవాటు, ఇంతవరకు వదల్లేదు. అట్లని నేనేదో చదువుకున్నదాన్ని కాదు. కార్వేటినగరం పక్కన మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివినా, అంతే. అక్షరాలు గుండ్రంగా వస్తాయి. ఒత్తులు మాత్రం ఇప్పటికీ నా మీద అలుగుతా ఉంటాయి.

ఎట్ల మొదలైందో చెప్తా. మా అత్తకు చదువు రాదు. అయినా పంచాంగం తెలుసుకోకుండా ఆమెకు దినం మొదలు కాదు. పడసాలలో తలుపు పక్కన మేకుకు, దినానికొక కాగితం చించే క్యాలెండరు వేలాడతా ఉండేది. ఇత్తడి సామాన్ల అంగడాయన ఏటా ఇచ్చేవాడు. ప్రతి కాగితం మీదా పైన నామం, అటూ ఇటూ శంఖు చక్రాలు, నడుమ పెద్ద అంకె, కింద తిథి, నక్షత్రం, రాహుకాలం. అత్త తలకు నీళ్లు పోసుకోని వచ్చి, నిన్నటి కాగితం చించి, నన్ను పిలిచేది.

"ఏమ్మే, ఈ పొద్దు ఏం తిథి?"

"దశమి అత్తా."

"రాహుకాలం?"

"పదిన్నర నుంచి."

"అట్లయితే పప్పు అంతలోపలే నానబెట్టు."

పప్పు నానబెట్టేదానికీ రాహుకాలానికీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెలీదు. నానబెట్టేదాన్ని.

చించిన కాగితాన్ని పారేయకూడదు. స్వామి నామం ఉండే కాగితం కాలికింద పడకూడదు, పొయ్యిలో వేయకూడదు, పొట్లం కట్టకూడదు. గూట్లో ఒక ఇనప కంబీ ఉండేది, దానికి గుచ్చిపెట్టేది. ఏడాది తిరిగినాక ఆ కట్టనంతా గుడ్డలో చుట్టుకోని పోయి స్వర్ణముఖిలో వదిలి రావాల. మా ఇంటి వాడుక అది. అత్తకు వాళ్ల అత్త నేర్పింది.

ఆ కాగితం వెనక పక్క తెల్లగా ఉండేది. ఊరికే పోతా ఉండే ఆ తెలుపును చూస్తే నాకు మనసాగలేదు. ఒక దినం గూటి దగ్గర నిలబడే, ముందుదినం జామకాయలమ్మే ఆమెతో అత్త చేసిన బేరమంతా దాని మీద రాసినా.

"ఏందది?" అనింది అత్త.

"నిన్న జరిగింది రాసినా అత్తా."

"నిన్న జరిగింది నాకు తెలీదా? నేనూ ఆడనే ఉన్నా గదా."

"చదువుతా, విను."

చదివినా. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోని నవ్వింది.

"నేను అట్ల అనలేదే."

"అన్నావత్తా."

"అన్నాలే. మళ్లా చదువు."

ఆ దినం నుంచి తిథి అయినాక, రాహుకాలం అయినాక, మూడో మాట వచ్చి చేరింది. "ఏం రాసినావు?"

మా ఇంటాయన గుడి ఆఫీసులో గుమాస్తా. "దినమంతా నేను ఆఫీసులో రాసేది చాలదా, ఇంట్లో నువ్వు కూడానా" అని ఎగతాళి చేసేవాడు. అంటానే తన పాత ఇంకు పెన్ను తెచ్చి నా చేతిలో పెట్టినాడు. అది మూతి దగ్గర కారేది. వేళ్లు నీలంగా అయ్యేవి. ఆ వేళ్లను చింతపండుతో రుద్దుకుంటే గానీ అత్త పిండి ముట్టనిచ్చేది కాదు.

అరచేయంత కాగితం. జాగా అయిపోతే మాట ఆపాల్సిందే. ఎక్కువ చెప్పాలని ఉండే దినం అంచుల చుట్టూ తిప్పి తిప్పి రాసేదాన్ని. ఏమీ జరగని దినాలూ ఉంటాయి గదా, ఆ దినాల్లో కూడా కాగితం చిరుగుతుంది. ఏమీ లేదని రాద్దామని పెన్ను పెడితే, బియ్యంలో రాళ్లు ఏరతా ఉంటే పిచ్చుక వచ్చి చేట అంచు మీద కూర్చున్నది జ్ఞాపకం వచ్చేది. రాయాలని కూర్చుంటేనే అవి కనపడతాయి. కూర్చోకుండా ఉండే దినం పిచ్చుక వచ్చినా వచ్చినట్టు తెలీదు.

ఏడాది కాగానే కట్ట ఏటికి పోయేది. మొదట్లో నాకేమీ బాధ అనిపించలేదు. రేపటికి మళ్లా తెల్లకాగితం ఉండనే ఉండాది.

మా నాయన వచ్చిన ఏడాది దాకా అట్లే జరిగింది.

నాయన మా ఊరి గుడికి పూలమాలలు కట్టేవాడు. అమ్మ నాకు బుద్ధి తెలిసేలోపలే పోయింది. ఆమె మొగం కూడా నాకు తెలీదు, పటం లేదు. నాయన కండ్లకు పొర వచ్చింది. మొగ్గ ఏదో విరిసింది ఏదో వేళ్లతో తడిమి తెలుసుకునే కాడికి వచ్చినాడు. కండ్ల డాక్టరుకు చూపిద్దామని మా ఇంటాయనే పోయి పిలుచుకోని వచ్చినాడు. ఆ వానాకాలమంతా నాయన మా ఇంట్లోనే ఉన్నాడు. పడసాలలో గోడకు ఆనుకోని కూర్చుని, చేతులు ఊరికే ఉండలేక అరటినారకు ముడులు వేస్తా, విప్పుతా మాట్లాడేవాడు. అంతకుముందు ఎప్పుడూ అమ్మ మాట ఎత్తని మనిషి, కండ్లు మసకేసినాక అమ్మను గురించే చెప్పేవాడు. నేను వినేది, మరుసటి పొద్దున రాసేది.

"అన్నా, నువ్వు మాట్లాడేదంతా నీ కూతురు కాగితాలకు ఎక్కిస్తా ఉండాది, జాగ్రత్త" అనింది అత్త.

"ఎక్కించనీ చెల్లెమ్మా. నాకు కనపడదు గదా, ఏం రాసినా ఒప్పుకోవాల్సిందే."

"నన్ను గురించి ఏమైనా చెప్పినావా?"

"చెప్పినా. నీ పులుసులో ఉప్పు తక్కువని."

"అది రాయలేదులే. పొద్దున చదివేటప్పుడు నేను విన్నా."

అమ్మ కనకాంబరాలు కడితే ముడి యాడుందో కనపడదంట. బాయిలోకి బొక్కెన దించేటప్పుడు గొంతులోనే ఏదో పాడుకునేదంట, పైకి లాగేటప్పుడు పాడేది కాదంట. నాకు పసిదినాల్లో జ్వరమొస్తే నన్ను పక్కలో పడుకోబెట్టుకోని, చీకట్లోనే గుడికి మాల కట్టిందంట. తెల్లారి చూస్తే నా జుట్టు కూడా మల్లెలతో కలిపి మాలలో ముడేసేసి ఉండాది. "నీ తల లేపితే మాల లేస్తుంది, మాల లేపితే నువ్వు లేస్తావు" అన్నాడు నాయన. "ఇద్దరం నవ్వి నవ్వి, కత్తెర తెచ్చి జుట్టు కత్తిరించినాం. ఆ మాల స్వామికి పనికిరాదు గదా. నీ మెడలోనే వేసినా." ఆ దినం కాగితానికి నాలుగు అంచులూ చాలలేదు.

వానలు తగ్గినాక, చూపు బాగుపడకపోయినా నాయన, గుడికి పూలు ఎవరు కడతారప్పా అని ఊరికి పోయినాడు. ఆ చలికాలం దాటలేదు.

ఏడాది తిరిగింది. అత్త కంబీ నుంచి కాగితాలు తీసి పసుపు గుడ్డలో మూట కట్టింది. "ఈ ఏకాదశికి ఏటికి పోదాం" అనింది. అమ్మను గురించి నాకు తెలిసిందంతా ఆ మూటలో ఉండాది. నాయన గొంతు కూడా దాంట్లోనే.

"ఏట్లో నీళ్లు లేవత్తా, వానలు పడనీ" అన్నా. అది నిజమే, ఆ ఏడు ఏరు ఇసకగా ఉండాది. అత్త మూటను అటక మీద పెట్టించింది.

ఆ సందులో మూట దించి, ఆ కాగితాలు చూసి ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించుకుందామని కూర్చున్నా. రెండు పుటలు రాసినాక చదువుకుంటే నాకే ఏదోగా అయిపోయింది. నాయన సగంలో వదిలిన మాటను నేను నింపేసి ఉన్నా. ఆయన చెప్పని మాట ఒకటి బాగుందని చేర్చేసి ఉన్నా. నా చెయ్యి నన్నడక్కుండానే దిద్దేస్తా ఉండాది. పుస్తకంలో అమ్మ చాలా అందంగా ఉండాది, అయితే ఆమె ఎవరో. వినంగానే రాసిన కాగితంలో మాత్రం అమ్మ అమ్మగానే ఉండాది. నోటుపుస్తకం మూసేసినా.

వానలు పడలేదు. నెలలు పోయినాయి. అత్తకు మోకాళ్ల నొప్పులు ఎక్కువైనాయి. ఆమె అటక కింద నుంచి నడిచేటప్పుడల్లా చేతులు జోడించేది. స్వామిని మూటకట్టి మూల పడేసినామని ఆమె దిగులు. తిథి అడుగుతుంది, రాహుకాలం అడుగుతుంది, అంతటితో లోపలికి పోతుంది. ఏం రాసినావని అడగడం మానేసింది. కోపం కాదు, అడిగితే మూట మాట వస్తుందని. నేను రాసినవి వినేవాళ్లు లేక ఊరికే కంబీకి ఎక్కుతా ఉన్నినాయి. నాలుగు వాక్యాలు రాసే చోట ఒకటి రాసి లేచిపోతా ఉన్నా.

ఒక పొద్దున నేనే అన్నా. "రేపు ఏటికి పోదామత్తా."

ఆమె నా మొగం చూసింది.

"నాయన మాటలుండే కాగితాలు మాత్రం నేను పెట్టుకోనా?" అని అడిగినా.

"ఒక పక్క మీ నాయన, ఒక పక్క స్వామి. నన్ను ఏం చెప్పమంటావు? నువ్వే చూసుకో."

మరునాడు జట్కాలో పోయినాం. జట్కా సాయిబు మాకు ఎప్పుడూ తోలేవాడే. "ఏట్లో నీళ్లు యాడుండాయి పెద్దమ్మా? నా గుర్రానికే దొరకడం లేదు" అన్నాడు.

"నీ గుర్రం కూడా నీ మాదిరే, వెతకదు" అనింది అత్త.

నిజంగానే చుక్క పారడం లేదు. సాయిబే ఇసకలో మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో చెలమ తవ్వినాడు. మోచేతి లోతుకు తడి తగిలింది, ఇంకొంచెం తవ్వితే నీళ్లు ఊరినాయి. "పారకపోయినా ఏటి నీళ్లే గదమ్మా" అని గుర్రం దగ్గరికి పోయినాడు.

అత్త ఒడ్డున కూర్చునింది. మూట విప్పినా. "ఊరికే వేయొద్దు. చదివి వెయ్యి" అనింది. ఒక్కోటి చదివి చెలమలో వదల్తా వచ్చినా. పారే ఏరైతే అంతలోనే తీసుకపోయి ఉండేది. చెలమలో ఏదీ యాడికీ పోలేదు, మా కండ్ల ముందరే మెత్తబడింది. ఇంకు వదిలి నీళ్లు నీలంగా తిరిగినాయి.

జుట్టు ముడేసిన కాగితాన్ని చివరికి పెట్టుకోని ఉన్నా. ఇది మాత్రం ఇవ్వనని మనసులో అనుకున్నా. చదివినా. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకోని, ఎన్నో నెలల తరువాత నవ్వింది.

"మళ్లా చదువు."

మళ్లా చదివినా. నా వేళ్లు తడిగా ఉన్నినాయి. రెండోసారి సగానికి వచ్చేసరికి అంచుల్లోని అక్షరాలు వేళ్లకు అంటుకోని పోయినాయి. మిగిలింది కాగితం చూడకుండానే చెప్పినా. చెప్పడం అయినాక చేతిలో ఉన్నది నీలం మరక పట్టిన పేలిక. దాన్ని కూడా చెలమలోకి దించినా.

అత్త ఆ నీళ్లు దోసిట్లో తీసుకోని తన తల మీద చల్లుకునింది, నా తల మీద చల్లింది. "మీ అమ్మ కూడా ఉండాది దీంట్లో" అనింది.

మరుసటి పొద్దున క్యాలెండరు కాగితం చించి, తిథి కూడా అడగకుండా వెనక పక్క తిప్పి నాకిచ్చింది. నిన్నటిది రాయమని.

ఆ తరువాత చానా ఏండ్లు ఉండింది మా అత్త. ఇప్పుడు లేదు. కాగితాల వెనక కూడా అంగళ్ల ప్రకటనలు అచ్చేస్తా ఉండారు, రాసేదానికి జాగా లేదు. నోటుపుస్తకంలో రాసుకుంటా. దాన్ని ఎవరూ ఏటికి తీసుకపోరు, అన్నీ పెట్టెలో అట్లనే ఉండాయి. నాయన మాటలు ఇప్పుడు ఈడ రాస్తా ఉంటే కూడా అనుమానమే, ఎన్ని ఆయనవో, ఎన్ని నా చెయ్యి దిద్దినవో. బొక్కెన పైకి లాగేటప్పుడు అమ్మ పాడేది కాదని చెప్పినాడా, దించేటప్పుడు పాడేది కాదని చెప్పినాడా, గట్టిగా చెప్పలేను.

రాయడం అయినాక పెన్ను మూత పెట్టి, పడసాలలో మేకు వైపు చూస్తా కొంచెంసేపు కూర్చుంటా. తరువాత రాసింది పైకి చదువుకుంటా. చదివినాక ఆగుతా. అలవాటు గదా, మళ్లా చదవమంటారేమో అని.