క్లాసుకు వెళ్లిన దయామణి

మామిడితోటల ఊళ్లలో మతి చెదిరిన మగవాణ్ణి తోట కాపలాకి పెట్టేస్తారు. తనలో తాను మాట్లాడుకునేవాడున్న తోటకి దొంగలు రారు, ఇంటి పరువూ పోదు. స్వామికార్యం, స్వకార్యం రెండూ తీరతాయి. రెడ్డిగూడెంలో దయామణి తమ్ముడు పరదేశి కూడా అలాగే తోటలో పాక పట్టుకుని ఉండేవాడు. కాపలా బాగా కాస్తాడని ఊరు మెచ్చుకునేది. మెచ్చుకోడానికి ఏం పోయింది?

దయామణి మిషన్ బడిలో టీచరు. ఎనభై ఆరులో నూజివీడులో మానసిక వైద్య శిబిరం పెడితే తమ్ముణ్ణి పట్టుకెళ్లింది. సైకియాట్రీ చదువుకుంటున్న వెంకటాచలపతి అనే కుర్ర డాక్టరు ఓపిగ్గా విన్నాడు. అతనిచ్చిన మాత్రలతో పరదేశి నిద్రపోయాడు, క్షవరం చేయించుకున్నాడు, చర్చికి కూడా వచ్చాడు. కానీ ఆ మాత్రలు నెలకే సరిపోతాయి.

"మా క్లాసుకొచ్చి మాట్లాడండక్కా. ఇంట్లోవాళ్లు పడే బాధ కాబోయే డాక్టర్లకి తెలియాలి. మా ప్రొఫెసరుగారు వింటే నెలనెలా నూజివీడు వస్తాం," అన్నాడు చలపతి.

అక్కా అన్నాడు కదా, నమ్మింది. చనిపోయిన అమ్మ అన్నానికి పిలుస్తున్నట్టు పరదేశికి వినిపిస్తుందని, ఆ సంగతి వాడు తనకొక్కదానికే చెప్పుకున్నాడని కూడా చెప్పేసింది.

"నువ్వు ఊరికే నా పక్కన కూర్చోరా. మాట్లాడేది నేను," అని తమ్ముణ్ణి ఒప్పించి బస్సెక్కించింది.

మెడికల్ కాలేజీ క్లాసులో ఆమెకు గోడవారగా కుర్చీ వేశారు. పరదేశిని వేదికెక్కించారు.

"మీ అమ్మ ఏం వండానంటుంది?" అని అడిగాడు ప్రొఫెసరు.

పరదేశి అక్కవైపు చూశాడు. బుద్ధిగా, "మామిడికాయ పప్పండి," అన్నాడు. హాలంతా నవ్వింది.

దయామణి లేచి మందుల సంగతి ఎత్తబోతే, "కూర్చోండమ్మా, ఇది క్లాసు," అన్నాడు ప్రొఫెసరు. చలపతి తల వంచుకున్నాడు. ఆమె మాట్లాడుతుందని అతను ఎవరికీ చెప్పనేలేదు. కేసు తెస్తానని మాత్రం చెప్పాడు.

వరండాలో నిలదీస్తే, "మీ తమ్ముడు మంచి కేసక్కా. అందరికీ ఉపయోగపడ్డాడు," అన్నాడు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. దానికి అంత చదువెందుకు?

నూజివీడుకి ఎవరూ రాలేదు. మాత్రలు అయిపోయాయి. పరదేశి మళ్లీ నిద్ర మానేసి తోటంతా తిరగసాగాడు. దయామణి బెజవాడలో వాకబు చేసి, అవే మాత్రలు కొని పాకకు తీసుకెళ్లింది.

"ఇవి మింగితే మళ్లీ ఎక్కడికి తీసుకెళ్తావక్కా?" అని అడిగాడు.

"ఎక్కడికీ లేదురా."

పరదేశి నమ్మలేదు. మాత్రల పొట్లం ఆమె చేతిలోనే పెట్టి, చెట్లలోకి వెళ్లిపోయాడు.