మారప్ప చెప్పిన నడిమి పెట్టె

బెంగళూరు శివార్లలోని హెబ్బగోడిలో మా వీధి చివర మారప్పకు చిన్న అంగడి ఉంది. ఇళ్లకు టీవీ డిష్‌లు బిగిస్తాడు. సొంతూరు హిందూపురం దగ్గర. పాతికేళ్ల కిందట బెంగళూరులోనే పీణ్య ఫ్యాక్టరీల వైపు లేత్ మిషన్ పనికి వచ్చి, ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక మిద్దెలెక్కి డిష్‌లు తిప్పడం నేర్చుకున్నాడు. అంగడికి సరైన బోర్డు కూడా లేదు. అయినా మా చుట్టుపక్కల టీవీ పెట్టె కొనాలంటే అందరూ ముందు అతన్నే అడిగేవాళ్లు. మారప్ప బాగుందన్నది బాగుండేది. ఆ మాట మీదే అతని అంగడి నడిచేది. ఆ మాటను చెడగొట్టినవాణ్ణి నేను.

రెండేళ్ల కిందట మా అమ్మ కెంపమ్మ భజన బృందానికి ఒక చిన్న చానెల్‌లో పాడే అవకాశం వచ్చింది. అరగంట కార్యక్రమం. అది టీవీలో ప్రసారమయ్యే ఆదివారం మధ్యాహ్నమే హోసూరులో మా మామ కూతురి పెళ్లి. మానడానికి వీల్లేదు. ఆ చానెల్ వాళ్లు నెట్‌లో ఏదీ పెట్టరు. అందుకే రికార్డు చేసే పెట్టె కోసం మారప్ప దగ్గరికి వెళ్లాను.

మూడు పెట్టెలు బల్ల మీద పెట్టాడు.

“ఈ పెద్దదాంట్లో లోపలే డిస్కు ఉండాది సార్. రెండు చానెళ్లు ఒకేసారి పట్టుకుంటాది. పన్నెండు వేలు. దీని రిమోట్ చూస్తే మీకే తల తిరుగుతాది, ఇంక అమ్మకేం అర్థమవుతాది? ఇది చౌక, పద్దెనిమిది నూర్లు. పెన్‌డ్రైవు మనమే పెట్టాల. నడిమధ్యలో నిలిచిపోతాది, మా ఇంట్లో అయితే నేను పెట్టుకోను. ఈ నడిమిది నాలుగున్నర వేలు. ఎర్ర బటన్ నొక్కితే చాలు. ముప్పై ఇండ్లలో పెట్టినా, ఒక్కరూ తిరిగి రాలేదు.”

పెద్దది అంటగడితే అతనికే లాభం. అయినా నడిమిదే ఇచ్చాడు. ఇంటికొచ్చి బిగించి, అమ్మ చేతనే ఎర్ర బటన్ నొక్కించి చూపించాడు. వెళ్తూ, “రికార్డింగు పెట్టినాక గోడ మీది స్విచ్చి మాత్రం ఆపొద్దు సార్” అన్నాడు. నేను ఫోన్ చూసుకుంటూ సరేనన్నాను.

ఆదివారం అమ్మ తన కార్యక్రమానికి ఎర్ర బటన్ నొక్కి పెట్టాక పెళ్లికి వెళ్లొచ్చాం. సోమవారం సాయంత్రం అమ్మ తన భజన ఆడవాళ్లందరినీ పిలిచి, చాపలు పరిచి, కాఫీ పెట్టింది. తీరా చూస్తే పెట్టెలో ఏమీ లేదు. అమ్మ ఆ బటన్‌నే మళ్లీ మళ్లీ నొక్కింది. “నేనే ఏదో తప్పు నొక్కింటాను” అంది చిన్నబోయి. వచ్చినవాళ్లు “పోనీలే కెంపక్కా” అంటూ లేచారు.

అమ్మ ముఖం చూసి నాకు ఒళ్లు మండింది. పెట్టె పీకి చంకన పెట్టుకుని అంగడికి పోయాను. నలుగురు కొనేవాళ్లు ఉన్నారు. ఎప్పుడూ ‘మారప్పన్నా’ అనే నేను ఆ రోజు “ఏమయ్యా, ఇదేనా నీ మంచి సరుకు?” అని అరిచాను.

“గోడ స్విచ్చి ఏమన్నా ఆపినారా సార్?” అని మెల్లగా అడిగాడు.

“నీ సరుకు చెడిపోతే నా మీదికి తోస్తావా? నేనేమన్నా చదువురానోణ్ణా?”

మారప్ప ఆ పెట్టెను నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టాడు. మరునాడు పెద్ద పెట్టె తెచ్చి నడిమిదాని ధరకే బిగించి, అమ్మతో “తప్పు నాదేనమ్మా” అని వెళ్లిపోయాడు.

మూడు రోజుల తర్వాత, అమ్మ అప్పటికే గుడికి వెళ్లడంతో, ఆఫీసుకు బయలుదేరుతూ ఇంటికి తాళం వేయబోయాను. ఫ్యాను, లైటు, టీవీ, నా చేయి దానంతటదే స్విచ్చులన్నీ ఆపేసింది. ఇల్లు వదిలేటప్పుడు అన్నీ ఆపాలన్నది మా నాన్న నేర్పిన అలవాటు. పెళ్లికి వెళ్లిన రోజు చివర తాళం వేసింది కూడా నేనే. సిగ్గుతో అక్కడే గడప మీద కూర్చుండిపోయాను.

అతని అంగడి నలభై అడుగుల దూరం. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు రాలేదు. అటు పోకుండా పక్క సందులోంచి తిరిగేవాణ్ణి. అమ్మకూ చెప్పలేదు. తనే తప్పు నొక్కానని ఆమె ఈనాటికీ అనుకుంటోంది.

పోయిన నెల రిమోట్ బ్యాటరీల కోసం తప్పక వెళ్లాను. గార్మెంట్స్‌లో పనిచేసే రేణుక అనే అమ్మాయి అక్కడ పెట్టె బేరం చేస్తోంది. షిఫ్టులో ఉండగా వచ్చే సీరియళ్లు పట్టుకోవాలట. మారప్ప పెద్దదీ చౌకదీ మాత్రమే చూపించాడు. ఆమె అలమరలోని నడిమిదాన్ని చూపించి, “అది నాకు సరిపోతాది కదన్నా?” అంది.

“అది వద్దమ్మా. నెల దినాలు ఇక్కడే పెట్టి చూసినా, ఒక్కసారీ తప్పలేదు. అయినా ఈ సార్ ఇంట్లో వాళ్లమ్మ పాట పోయింది. యాడ చెడిందో నాకే తెలీలేదు. తెలీనిదాన్ని బాగుండాదని యెట్ల చెప్పేది? అప్పట్నుంచి ఎవరికీ ఇయ్యలేదు.” నా వైపు తిరిగాడు. “మీరే చెప్పండి సార్, పోయింది కదా?”

రేణుక నా ముఖంలోకి చూసింది. ఒక్క మాట చెబితే సరిపోయేది.

“పోయింది” అన్నాను.

పెద్దదానికి డబ్బు చాలక ఆమె ఆ చౌక పెట్టెనే కొనుక్కుని వెళ్లిపోయింది. మారప్ప నాకు బ్యాటరీలు ఇస్తూ, “అమ్మ మళ్లీ పాడితే చెప్పండి సార్, ఈ తూరి నేనే మీ ఇంట్లో కూర్చోని పట్టిస్తా” అన్నాడు.