మగ్గాల వాడలో చివరి ఇల్లు

మా మేనమామ పోచంపల్లి దగ్గర ఒక చిన్న ఊళ్లో మగ్గం నేసేవాడు. నేను పెళ్లయి దిల్‌సుఖ్‌నగర్ వచ్చేనాటికి వాళ్ల వాడలో మగ్గం చప్పుడు లేని ఇల్లు లేదు. తర్వాత నేత మీద పొట్ట గడవక ఒక్కొక్క కుటుంబమే పట్నం దారి పట్టింది. ఒకాయన చీరల దుకాణంలో సేల్స్‌మన్ అయ్యాడు. ఇంకొకాయన కర్మన్‌ఘాట్‌లో వాచ్‌మన్‌గా కుదిరాడు. కిరాయికి గది దొరికేదాకా అందరూ మా ఇంట్లోనే దిగేవారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మా ఇంటి ఓనరమ్మ ఒకరోజు గుమ్మంలో మూటలు చూసి, "ఏమ్మా, మీ ఊళ్లో ఇంకెవరైనా మిగిలారా?" అని నవ్వింది. నేనూ నవ్వి, మూటలు లోపలికి జరిపాను.

మామ మాత్రం కదల్లేదు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో ఎల్బీనగర్ రోడ్డు మీద నిరసనగా వంటావార్పు పెడితే, ఊరివాళ్లతో కలిసి ట్రాక్టర్ మీద వచ్చాడు. పట్నంలో ఉన్న వాడవాళ్లంతా అక్కడికే చేరారు. మామ విస్తరి పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి పలకరించాడు.

"రాష్ట్రం ఒస్తే చేనేతకు మంచి రోజులొస్తయ్. అప్పుడన్న వాపసొస్తరా?" అని వాచ్‌మన్‌ను అడిగాడు.

"ఎట్లొస్తం మామా? పిల్లల చదువులు గీడనే కదా," అన్నాడతను నేలచూపులు చూస్తూ.

"ముందుగాల రాష్ట్రం రానీ," అన్నాడు మామ. ఆ సాయంత్రం నినాదాలు ఇచ్చి ఇచ్చి ఆయన గొంతు పోయింది.

రాష్ట్రం వచ్చింది. వారం తిరక్కుండానే మామ ఫోన్ చేశాడు. "తాళాలేసిన ఇండ్ల ముంగట ముండ్లచెట్లన్నీ కొట్టేసిన బిడ్డా. జర చెప్పు వాళ్లకు." అందరికీ చెప్పాను. కొందరు వెళ్లారు కూడా. ప్లాట్లు కొనే బ్రోకర్‌ను వెంటబెట్టుకుని వెళ్లి, ఇల్లు చూపించి, చీకటి పడకముందే తిరిగొచ్చారు.

మగ్గానికి ఎక్కించే ముందు పడుగు నూలును, అంటే బట్టలో నిలువుగా వచ్చే పోగులను, వీధి పొడవునా సాగదీసి గంజి పట్టించాలి. అది ఒక్క ఇంటివాళ్లతో అయ్యే పని కాదు. పొద్దున్నే వాడంతా వచ్చి తలా ఒక చెయ్యి వేసేవారు. చివరికి వాడలో మామ, అత్త ఇద్దరే మిగిలారు. ఒకసారి ఇద్దరూ తామే చేద్దామని పూనుకున్నారట. సగం పడుగుకు గంజి పట్టించేలోపు ముందు పట్టించినది ఎండి, పోగులన్నీ అతుక్కుపోయాయి. అత్త వీధిలోనే కూలబడి ఏడ్చిందని మామ నాకు చెప్పాడు. ఆ తర్వాత ఆయన మళ్లీ మగ్గం ఎక్కలేదు.

అత్తకు ఆయాసం ముదిరింది. ఊళ్లో చూసే డాక్టర్ లేడు. దవాఖానకు దగ్గరని సైదాబాద్‌లో ఒక గది చూశాను. మామ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పనికి కుదిరాడు. కొనేవాళ్లు విప్పి పడేసిన చీరలు మళ్లీ మడతపెట్టడం ఆయన పని. ఒకసారి నేను వెళ్లేసరికి మా పోచంపల్లి డిజైన్ అచ్చువేసిన మిల్లు చీర మడతపెడుతున్నాడు. నన్ను చూసి, "టీ తాగుతవా బిడ్డా?" అన్నాడు.

ఆ చలికాలమే అత్త పోయింది. వాడవాళ్లు డ్యూటీల్లో పర్మిషన్ అడిగి వచ్చారు. అందరూ సైదాబాద్ ఇంటి గేటు దగ్గర నిలబడి మాటిమాటికీ ఫోన్లు చూసుకుంటున్నారు. ఊరికి తీసుకుపోదాం, అక్కడైతే సొంత నేల అని నేనే అన్నాను.

మామ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తల ఎత్తి గేటు వైపు చూశాడు.

"ఒద్దు బిడ్డా. ఆడ మోసేటందుకు మనుషులు లేరు."