కాలవ నీళ్లూ, పేపరు రాతలూ

మాది పామర్రు దిగువన, కాలవకి చిట్టచివర ఉన్న ఊరు. డెబ్బైల్లో మాట ఇది. పై ఊళ్లవాళ్లు తడుపుకుని వదిలేస్తేనే మాకు నీళ్లు. ఒక ఎండాకాలం, కాలవలకి నీళ్లు కట్టేశాక, పక్కూరి పెద్దాయన ఒకాయన ఇల్లిల్లూ తిరిగి మగాళ్లందర్నీ పోగేసి పూడిక తీయించాడు. తనూ మొలలోతు బురదలో దిగాడు. మా ఆయన అరచేతులు బొబ్బలెక్కితే ఆముదం రాసింది నేనే. ఆ ఏడు మా చేలో నీళ్లు గట్టు మీంచి తొణికాయి.

మరుసటేడు ఆ పెద్దాయన ఎమ్మెల్యేకి నిలబడ్డాడు. ఎదుటి మనిషి రైసు మిల్లుల ఆసామి. బెజవాడ నుంచి మొదటి బస్సులో మా ఊళ్లో దిగే పేపరు ఆ ఆసామి బావమరిదిది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. తెలిసీ, పొద్దున్నే మా అరుగు మీద చేరి మా ఆయన చేత పైకి చదివించుకునేవాళ్లు. పేపరు వాళ్లది, కాఫీ పొడీ పంచదారా నావి. నేను రెండో తరగతితో బడి మానేసినదాన్ని, గుమ్మంలో నిలబడి వినేదాన్ని.

ఒకరోజు తుప్పలు పెరిగిన కాలవ ఫొటో వేసి, మా కాలవలో పూడిక తీయనే లేదనీ, అదంతా ఆ పెద్దాయన ఓట్ల కోసం కోసే కోతలనీ రాశారు.

"ఎంత మోసం చేశాడు!" అన్నాడు మా మరిది.

"నువ్వు తవ్వలేదటయ్యా? మీ అన్నయ్య చేతులు బొబ్బలెక్కలేదూ?" అన్నాను.

"తవ్వాం వదినా, కాదనను. మన ముక్క వరకే తీశామేమో! పైన ఏం జరిగిందో మనకేం తెలుసు? ఫొటో వేశారు గదా!"

"ఏ కాలవ ఫొటోనో?"

"నువ్వుండవే," అన్నారు మా ఆయన. "అచ్చులో అబద్ధం వేస్తే ఊరుకుంటారా ఎవరైనా?"

ఒళ్లు మండిపోయింది. తన చేత్తో తవ్విన మనిషి పేపరు చూసి తన చేతుల్నే అనుమానించడమేమిటి!

ఓట్ల రోజు ఏ గుర్తు మీద ముద్ర కొట్టాలో మా ఆయన చెప్పారు. తలూపాను. లోపలికెళ్లి నాకు తోచినదాని మీద కొట్టాను. ఊరు ఊరంతా ఆసామికే కొట్టింది. గెలిచాడు.

ఆ ఎండాకాలం పూడిక తీద్దామన్నవాడు లేడు. కాలవలకి నీళ్లు వదిలారు. నీళ్లు పై ఊరిదాకా వచ్చి ఆగిపోయాయి. మా నారుమడి నెర్రెలిచ్చింది. అది ఎండితే నాట్లు లేవు, గాదెలో గింజ ఉండదు. సరిగ్గా ఆ వారమే మా ఆయన అరుగు మీద చదివారు. కొత్త ఎమ్మెల్యే గారి చలవ వల్ల చివరి పొలాలకి కూడా నీళ్లందాయట, రైతులు సంబరపడుతున్నారట.

"ఏ రైతులండీ?" అన్నాను.

"మన ఊరి పేరే వేశారు..." అని నసిగారు.

"ఏ తెల్లారుజామునో వచ్చి పోయాయేమో వదినా," అన్నాడు మరిది. నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు.

అసహ్యం వేసింది. రాయించినవాడికి బావ పేరు నిలవాలి, వాడి ఆశ వాడిది. వీళ్లకేం ఒరిగిందని?

కాఫీ గ్లాసులు లాక్కుని, బిందె పుచ్చుకుని బావి దగ్గరికి నడిచాను. నారుమడి ఒక మూలైనా బతకాలి గదా. కాసేపటికి మా ఆయన కావిడి వేసుకుని వెనకాలే వచ్చారు. పేపరు మాత్రం మడిచి మొలలో దోపుకునే వచ్చారు.