నాన్న మింగని కెమెరా

మా నాన్నకు లోపల ఎక్కడో రక్తం పోతుండేది. ఎక్కడో ఎవరికీ తెలిసేది కాదు. రెండు నెలలకోసారి మొహం పాలిపోయేది. మెట్టుగూడలో మా ఇంటికి ఉన్నవి మూడే మెట్లు, అవి ఎక్కడానికి కూడా గోడ పట్టుకునేవాడు. విరేచనం తారులా నల్లగా అవుతోందని నోటితో చెప్పడానికి సిగ్గుపడి, ఆ ముక్క ఒక చీటీ మీద రాసి నా చేతికిచ్చాడు. రైల్వే ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసిన మనిషి, ఏదైనా కాగితం మీద పెడితేగానీ ఆయనకు తృప్తి ఉండదు. ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తం ఎక్కించేవారు. కాస్త కళ వచ్చేది. కొన్ని వారాలకు మళ్లీ మొదటికొచ్చేది.

నోట్లోంచి గొట్టం వేసి చూశారు, ఏమీ లేదన్నారు. కింది నుంచి వేసి చూశారు, అక్కడా ఏమీ లేదన్నారు. నేను బడిలో తొమ్మిదో తరగతికి జీవశాస్త్రం చెప్పేదాన్ని. చిన్నపేగు పొడవెంతో పిల్లల చేత వల్లె వేయించేదాన్ని. పైనుంచి వేసిన గొట్టం ఆ పేగులోకి కొంచెం దూరమే పోతుందనీ, కింది నుంచి వేసింది దాని చివర దగ్గరే ఆగిపోతుందనీ, మధ్యలో ఉన్నదంతా ఎవరూ చూడని చోటేననీ డాక్టరుగారు బొమ్మ గీసి చెప్పేదాకా నాకు తెలియదు. ఇన్నేళ్లూ ఏం పాఠం చెప్పానా అని నా మీద నాకే ఒళ్లు మండింది.

ఊళ్లో ఎంఎంటీఎస్ రైళ్లు కొత్తగా తిరుగుతున్న రోజులవి. మింగే కెమెరా కూడా అప్పుడప్పుడే వచ్చింది. పెద్ద విటమిన్ మాత్రంత ఉంటుంది. అది పేగు పొడవునా జారుకుంటూ పోతూ ఫోటోలు తీసి, నడుముకు కట్టిన పెట్టెకు పంపుతుంది. కొనడం మా తాహతుకు మించిన పని. అయితే సికింద్రాబాదులోనే ఒక ఆసుపత్రిలో దాని మీద పరిశోధన జరుగుతోంది. పేగు శుభ్రం చేసే మందు తాగినవాళ్లకు ఫోటోలు స్పష్టంగా వస్తాయా, ఉత్త ఉపవాసం ఉన్నవాళ్లకూ అలాగే వస్తాయా అన్నది వాళ్లు తేల్చుకోవాల్సింది. అందులో చేరినవాళ్లకు కాప్స్యూల్ ఉచితం. ఎవరు మందు తాగాలో ఎవరు పస్తుండాలో కంప్యూటరు చెబుతుంది. నాన్నకు పస్తు వచ్చింది. ముందు రోజు రాత్రి ఎనిమిది నుంచి మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టకూడదు. ఒప్పుకోలు కాగితాలన్నీ నాన్న అక్షరం వదలకుండా చదివి, ప్రతి పేజీ కిందా సంతకం పెట్టాడు.

పరీక్ష రోజు ఉదయం ఆరున్నరకు మా గుమ్మం ముందు స్కూటరు ఆగింది. మా చర్చి పాస్టరుగారు. మేమంతా అయ్యగారనే పిలుస్తాం. చెప్పకుండా వచ్చారు. చేతిలో నల్ల పెట్టె ఉంది. మంచం పట్టినవాళ్ల ఇళ్లకు ప్రభు సంస్కారం, మేము బల్ల అనేది, తీసుకెళ్లే పెట్టె అది. అందులో రొట్టె, ద్రాక్షరసం, చిన్న చిన్న గాజు గిన్నెలు ఉంటాయి.

"ఇంత పెద్ద పరీక్షకు వెళ్తూ బల్ల తీసుకోకుండా వెళ్తారా? రాత్రంతా మీ గురించే భారంగా ఉందండీ నాకు," అన్నారు అయ్యగారు.

ఆసుపత్రివాళ్లిచ్చిన కాగితం నా చేతిలోనే ఉంది. అయ్యగారూ, ఇవాళ వద్దండీ అంటే సరిపోయేది. ఆయన మంచి మనిషి, నొచ్చుకునేవారు కూడా కాదు. కానీ ఆ పెట్టె తెరిచాక వద్దన్నవాళ్లు మా వంశంలో లేరు. నాన్న నా వైపు చూశాడు. నువ్వు చెప్పమ్మా అన్నట్టే చూశాడు. నేను తలదించుకున్నాను. గోరంత రొట్టె, చెంచాడు రసం, అరగంటలో ఆనవాలు కూడా ఉండదని లోలోపల లెక్కలు వేసుకున్నాను. నా చదువు నాకు అక్కరకొచ్చింది ఆ అబద్ధానికే.

ఆసుపత్రిలో సిస్టరమ్మ అట్ట పట్టుకుని ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎదుటి బెంచీ మీద మెదక్ వైపు నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుని ఉంది. ఎవరైనా రాకపోతే కాప్స్యూల్ వృథా కాకుండా ఇంకొకరిని కూడా పస్తుంచి పిలుస్తారట. ఆవిడదీ నాన్న జబ్బే.

"పెద్దాయనా, రాత్రి ఎనిమిది నుంచి నీళ్లు దప్ప ఏమన్న తీస్కున్నరా?"

"లేదండీ," అన్నాను నేను.

"తీసుకున్నానమ్మా," అన్నాడు నాన్న. "పొద్దున్నే రొట్టె, ద్రాక్షరసం. కొంచెమే."

నాకు భూమి బద్దలైతే బాగుండుననిపించింది. నాన్న నన్ను కోప్పడలేదు, నా వైపు చూడనైనా లేదు. బల్ల తీసుకుని గంట కూడా కాలేదు, ఆ నోటితో అబద్ధం ఎలా ఆడతాడు? అంత తెలిసినదాన్ని, ముందే ఎందుకు నోరు తెరవలేదు నేను?

"ఏందమ్మా, గిట్ల జేస్తిరి!" అని సిస్టరమ్మ డాక్టరుగారిని పిలుచుకొచ్చింది.

ఆయన పెన్ను మూత తీస్తూ పెడుతూ విన్నారు. "నిజం చెప్పాలంటే ఆ కొంచెంతో ఏమీ కాదండీ. మామూలు పేషెంటైతే గంట ఆగి మింగించేసేవాణ్ణి. కానీ ఇది స్టడీ. ఒకరికి రూల్ సడలిస్తే అందరి రిజల్టూ అనుమానమే."

"రేపు రమ్మంటారా?"

"ఇదే చివరి కాప్స్యూల్. మళ్లీ పర్మిషన్లు రావాలి, మళ్లీ తెప్పించాలి. ఎన్నాళ్లో నేను చెప్పలేను."

బతిమాలాను. గొంతు పెంచాను కూడా. పిల్లల్ని అదిలించే గొంతు అక్కడ ఎందుకూ కొరగాలేదు. ఆయన తప్పేమీ లేదని తెలిసి అరవడం ఎంత నీరసమో అప్పుడే తెలిసింది.

మెదక్ ఆవిడ లేచి వచ్చింది. "పెద్దాయనను మింగనీయుండ్రి సారూ. నేను ఇంకోపారి వస్త," అంది.

"అలా మార్చుకోవడానికి లేదమ్మా," అన్నారు డాక్టరుగారు.

"నువ్వెళ్లమ్మా, నీ వంతు," అన్నాడు నాన్న.

ఆవిడ నడుముకు బెల్టు కట్టారు. గ్లాసుడు నీళ్లతో గుటుక్కున మింగేసింది. మింగి, ఏదో తప్పు చేసినట్టు మా వైపు చూసింది. ఆ క్షణాన ఆవిడంటే నాకు అసహ్యం వేసింది. తన వంతు వదులుకోబోయిన మనిషి మీద అసహ్యం! ఈ మాట ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదు. నాన్నను ఆటో ఎక్కించి ఇంటికి తీసుకొచ్చి, ఇడ్లీలు పెట్టాను. ఆకలి మీదున్నాడేమో, నాలుగు తిన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం అయ్యగారు పరీక్ష ఎలా జరిగిందని అడిగారు. వాయిదా పడిందన్నాడు నాన్న. ఎందుకో చెప్పలేదు. నన్నూ చెప్పనివ్వలేదు.

ఇంకో నెలకు నాన్న మళ్లీ రక్తం కోసం అదే ఆసుపత్రిలో చేరాడు. వరండాలో సిస్టరమ్మ నన్ను గుర్తుపట్టింది.

"గా మెదక్ అమ్మ యాదికున్నదా? ఆమెకు దొరికిందమ్మా. చిన్నపేగుల ఒక నరంకెల్లి రక్తం కారుతున్నదంట. ఫోటోల సాఫ్ కనవడ్డది. ఆపరేషన్ జేసిండ్రు. నడుసుకుంట ఇంటికి వోయింది."

నాన్నకు చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించి, చెప్పేశాను. పక్కన సీసాలోంచి ఎవరిదో రక్తం ఆయన చేతిలోకి దిగుతోంది.

"దేవునికి స్తోత్రం," అన్నాడు. నిజంగానే సంతోషించాడు, మొహం చూస్తే తెలిసింది. తర్వాత తల నా వైపు తిప్పాడు. ఇన్ని నెలల్లో ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు.

"మరి నాది ఎక్కడమ్మా?" అన్నాడు.

"తెలీదు నాన్నా," అన్నాను.